నీటికాసులు – ముందుచూపే మందు

పాఠ్యభాగ ఉద్దేశం

శుక్లం వలన మరుగుపడిన చూపు శస్త్రచికిత్సతో తిరిగి వస్తుంది. నీటికాసుల వలన పోయిన చూపు తిరిగి రాదు. ఈ భేదం తెలియక చూపు కోల్పోయిన వారు మన పల్లెలలోనూ పట్టణాలలోనూ ఎందరో ఉన్నారు. నీటికాసుల వ్యాధి స్వరూపాన్ని, కారణాలను, పరీక్షలను, చికిత్సను తెలియజేసి, ఇంటిలోని పెద్దల నేత్రరక్షణలో విద్యార్థుల బాధ్యతను గుర్తుచేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

రాయలసీమ పల్లెలలో చూపు మందగించిన వృద్ధులను పలకరిస్తే తరచుగా ఒక మాట వినిపిస్తుంది. “పొర ఇంకా ముదరలేదు. ముదిరినాక ఆపరేషను చేయించుకుంటే సరిపోతుంది.” ఈ మాట ఊరకే పుట్టింది కాదు. ఒకప్పటి శస్త్రచికిత్సా పద్ధతులలో శుక్లం బాగా ముదిరిన తరువాతనే దానిని తొలగించడం సులభంగా ఉండేది. అందువలన వైద్యులే ఆగమని చెప్పేవారు. కాలం మారింది, పద్ధతులు మారాయి. నేడు శుక్లం ముదిరేదాకా వేచి ఉండవలసిన అవసరం లేదు. కాని పాతమాట మాత్రం జనం నోట నిలిచిపోయింది.

ఆ మాటలో మరొక ప్రమాదం దాగి ఉంది. చూపు మందగించిన ప్రతి కంటిలోనూ ఉన్నది శుక్లమే కానక్కరలేదు. అది నీటికాసులు కావచ్చు. లేదా శుక్లమూ నీటికాసులూ రెండూ కలిసి ఉండవచ్చు. శుక్లమైతే ఆగినందువలన కలిగే నష్టాన్ని చాలావరకు పూడ్చుకోవచ్చు. నీటికాసులైతే ఆగిన ప్రతి నెలా కొంత చూపును శాశ్వతంగా తీసుకొనిపోతుంది. ఈ రెండింటిలో ఏది ఉన్నదో కంటివైద్యుడు పరీక్షించి చెప్పాలే తప్ప, రోగి తనంతట తాను తెలుసుకోలేడు.

పేరు – పూర్వచరిత్ర

తెలుగువారు నీటికాసులు అని పిలిచే ఈ వ్యాధిని వైద్యులు గ్లాకోమా అంటారు. నీలి ఆకుపచ్చ ఛాయను సూచించే ఒక ప్రాచీన గ్రీకు పదం నుండి ఆ పేరు వచ్చింది. మన దేశంలో సుశ్రుతసంహిత ఉత్తరతంత్రం ‘అధిమంథం’ అనే నేత్రరోగాన్ని వర్ణించింది. కంటిని కవ్వంతో చిలికినట్లు ఉండే తీవ్రమైన బాధ దాని లక్షణం. నేడు మనం హఠాత్తుగా వచ్చే నీటికాసులు అని చెప్పుకొనే స్థితికి ఇది దగ్గరగా ఉన్నదని పలువురు పండితులు భావించారు.

అయితే, నొప్పి లేకుండా వచ్చే నీటికాసులను గుర్తించడానికి 19వ శతాబ్దం దాకా ఆగవలసి వచ్చింది. 1851లో జర్మనీ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ కంటి లోపలి భాగాన్ని చూడగలిగే పరికరాన్ని లోకానికి పరిచయం చేశాడు. దానితో బ్రతికి ఉన్న మనిషి కంటిలోని దృష్టినాడిని వైద్యులు తొలిసారిగా చూడగలిగారు. 1857లో జర్మన్ నేత్రవైద్యుడు ఆల్బ్రెక్ట్ ఫాన్ గ్రేఫ్ హఠాత్తుగా వచ్చే నీటికాసులకు శస్త్రచికిత్సను ప్రకటించాడు. నాటి నుండి ఈ వ్యాధికి చికిత్స ఉన్నది. సమయానికి రోగి వైద్యుని వద్దకు చేరడమే కష్టమైపోతున్నది.

కంటిలోని కాలువ

ఈ వ్యాధిని అర్థం చేసుకోవడానికి ముందుగా కంటి లోపలి నీటి ప్రవాహాన్ని తెలుసుకోవాలి. కంటి ముందుభాగంలో గాజులాగా కనిపించే పొర కార్నియా. దాని వెనుక నల్లగానో గోధుమరంగులోనో కనిపించే పొర ఐరిస్. ఐరిస్ నడుమ ఉన్న రంధ్రమే కంటిపాప. దాని వెనుక కటకం ఉంటుంది. కార్నియాకు, కటకానికి నడుమ ఉన్న గదులలో నేత్రోదకం అనే తేటనీరు నిండి ఉంటుంది. ఇది కన్నీరు కాదు. కన్నీరు కంటి వెలుపల ప్రవహిస్తుంది. నేత్రోదకం కంటి లోపలనే పుట్టి, లోపలి మార్గాల గుండానే రక్తంలో కలుస్తుంది. కార్నియాకు, కటకానికి రక్తనాళాలు లేవు కనుక వాటికి పోషకాలను అందించేది ఈ నీరే.

ఐరిస్ వెనుకనున్న కణజాలం ఈ నీటిని నిరంతరం స్రవిస్తుంది. అది కంటిపాప గుండా ముందుగదిలోకి వస్తుంది. కార్నియా, ఐరిస్ కలిసే కోణంలో జల్లెడవంటి ఒక నిర్మాణం ఉంటుంది. నీరు ఆ జల్లెడ గుండా వడిసి, ఒక సన్నని కాలువలో పడి, రక్తంలోకి వెళ్లిపోతుంది. సుమారు రెండు గంటల లోపే పాత నీరంతా పోయి కొత్త నీరు చేరుతుంది. వచ్చే నీరు, పోయే నీరు సమానంగా ఉన్నంతకాలం కంటిలోని ఒత్తిడి నిలకడగా ఉంటుంది. సాధారణంగా ఇది 10 నుండి 21 మిల్లీమీటర్ల పాదరసం మేరకు ఉంటుంది.

కర్నూలు, కడప జిల్లాల వారికి ఈ విషయాన్ని వివరించడానికి కర్నూలు–కడప కాలువను మించిన ఉదాహరణ లేదు. సుంకేసుల వద్ద తుంగభద్ర నీటిని అందుకొని ఈ కాలువ కడప వైపు సాగిపోతుంది. కాలువలో పూడిక పేరుకొంటే ఏమవుతుంది? తూము తలుపు తెరిచే ఉంటుంది. నీరు వస్తూనే ఉంటుంది. కాని సాగిపోవలసినంత వేగంగా సాగదు. నెమ్మది నెమ్మదిగా మట్టం పెరిగి గట్లపై భారం పడుతుంది. ఒకనాడు హఠాత్తుగా తూము తలుపే మూసుకొనిపోతే, ఆ భారం గంటలలోనే ప్రమాదస్థాయికి చేరుతుంది. కంటిలో జరిగేదీ ఇదే.

కంటిలో పెరిగిన ఒత్తిడి ప్రభావం వెనుకభాగాన ఉన్న దృష్టినాడిపై పడుతుంది. నేత్రపటలంపై పడిన ప్రతిబింబాన్ని మెదడుకు చేరవేసేది ఈ నాడియే. ఒక్కొక్క దృష్టినాడిలో పదిలక్షలకు మించిన నాడీతంతువులు ఉంటాయి. ఒత్తిడికి ఈ తంతువులు ఒక్కటొక్కటిగా నశిస్తాయి. చర్మంపై గాయం మానినట్లు, విరిగిన ఎముక అతికినట్లు, నశించిన ఈ తంతువులు మళ్లీ పుట్టవు. కన్ను పైకి చక్కగానే కనిపిస్తుంది; కంటికీ మెదడుకూ నడుమ ఉన్న తీగ తెగిపోతుంది. అందుకే నీటికాసుల వలన పోయిన చూపు కంటి అద్దాలతో రాదు, శస్త్రచికిత్సతో రాదు. నేత్రదానం ద్వారా లభించిన కార్నియాను అమర్చినా రాదు.

నీటికాసులలో రకాలు

జల్లెడ కోణం తెరిచి ఉండి, లోపలి మార్గం మాత్రమే మందగించిన స్థితిని తెరిచిన కోణపు నీటికాసులు అంటారు. ఇది పూడిక పట్టిన కాలువ వంటిది. నొప్పి ఉండదు, కన్ను ఎర్రబడదు. ఏళ్లతరబడి సాగుతూ చూపును హరిస్తుంది.

ఐరిస్ ముందుకు జరిగి కోణాన్ని కప్పివేసిన స్థితిని మూసుకొన్న కోణపు నీటికాసులు అంటారు. ఇది ఆసియా ఖండవాసులలో ఎక్కువ. చిన్న కళ్లు గలవారికి, దగ్గరి వస్తువులు మసకగా కనిపించే వారికి, స్త్రీలకు ఈ ప్రమాదం అధికం. కొందరిలో ఇది కూడా సద్దు లేకుండా సాగుతుంది. మరికొందరిలో కోణం హఠాత్తుగా మూసుకొనిపోయి, భరించరాని కంటినొప్పి, తలనొప్పి, వాంతులు కలుగుతాయి; కన్ను ఎర్రబడుతుంది; దీపాల చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తాయి. వాంతులను చూసి పైత్యమనో, తలనొప్పిని చూసి పార్శ్వపునొప్పి అనో భావించి ఇంటిలోనే ఉపశమనాలు చేస్తూ కూర్చుంటే ఒకటి రెండు రోజులలోనే ఆ కంటిచూపు పోవచ్చు. ఇది అత్యవసర స్థితి. ఆ రాత్రే వైద్యశాలకు చేరాలి.

ఒత్తిడి సాధారణ పరిమితిలోనే ఉన్నప్పటికీ దృష్టినాడి దెబ్బతినే రకం మరొకటి ఉంది. అందరి దృష్టినాడులూ ఒకే విధంగా ఒత్తిడిని తట్టుకోలేవు. ఒకరికి హాని చేయని ఒత్తిడి మరొకరికి హాని చేయవచ్చు. పుట్టుకతో వచ్చే నీటికాసులు, ఇతర వ్యాధుల వలననో మందుల వలననో గాయాల వలననో వచ్చే నీటికాసులు కూడా ఉన్నాయి.

ఎవరికి ప్రమాదం?

నీటికాసులకు మొదటి ప్రమాద కారణం వయస్సు. 40 ఏళ్లు దాటిన నాటి నుండి ప్రమాదం క్రమంగా పెరుగుతుంది. రెండవది వంశపారంపర్యం. తల్లిదండ్రులకు గాని, తోబుట్టువులకు గాని ఈ వ్యాధి ఉంటే, ఇతరులకంటె అనేక రెట్లు అధికంగా వచ్చే అవకాశం ఉంది. కనుక ఒక ఇంటిలో ఒకరికి నీటికాసులు ఉన్నట్లు తేలితే, ఆ ఇంటివారందరూ పరీక్ష చేయించుకోవాలి. అధికమైన హ్రస్వదృష్టి, మధుమేహం, పలుచని కార్నియా కూడా ప్రమాదాన్ని పెంచుతాయి.

మన ప్రాంతపు జీవనవిధానంతో ముడిపడిన కారణాలు మరికొన్ని ఉన్నాయి.

మొదటిది మేనరికం. పుట్టుకతో వచ్చే నీటికాసులకు ముఖ్యకారణం జన్యులోపం. తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి చొప్పున లోపం గల జన్యువులు రెండూ బిడ్డకు చేరినప్పుడు వ్యాధి కలుగుతుంది. దగ్గరి రక్తసంబంధీకులు వివాహమాడినప్పుడు ఈ రెండూ కలిసే అవకాశం పెరుగుతుంది. అక్క కూతురిని గాని, మేనత్త కూతురిని గాని వివాహమాడే ఆచారం రాయలసీమలోనూ మిగిలిన తెలుగునాటా చిరకాలంగా ఉన్నది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1996 నుండి 2000 వరకు జరిగిన నేత్రవ్యాధుల అధ్యయనం, పుట్టే ప్రతి 3,300 మంది శిశువులలో ఒకరికి ఈ వ్యాధి ఉన్నదని అంచనా వేసింది. పాశ్చాత్య దేశాలతో పోల్చితే ఇది చాలా ఎక్కువ. శిశువు కళ్లు అసాధారణంగా పెద్దవిగా ఉండడం, వెలుతురు చూడలేక కళ్లు మూసుకోవడం, ఎప్పుడూ నీరు కారడం, నల్లగుడ్డు తెల్లబారడం దీని లక్షణాలు. ‘బిడ్డకు ఎంత పెద్ద కళ్లో!’ అని మురిసిపోయే సమయంలోనే చూపు తరిగిపోతూ ఉండవచ్చు. పుట్టిన కొద్దిరోజులలో లేదా నెలలలో శస్త్రచికిత్స జరిగితే చాలామంది పిల్లలకు చూపు నిలుస్తుంది. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థలో ఇటువంటి శిశువులకు శస్త్రచికిత్సలు చేసి, ఆ రంగంలో పరిశోధనలు సాగించిన డాక్టర్ అనిల్ కుమార్ మండల్ 2003లో శాంతిస్వరూప్ భట్నాగర్ పురస్కారాన్ని అందుకొన్నారు.

రెండవది స్టెరాయిడ్ చుక్కలమందు. వేసవి ధూళికి కళ్లు దురద పెట్టడం, ఎర్రబడడం మన మెట్టప్రాంతాలలో సాధారణం. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకొన్న చుక్కలమందులో స్టెరాయిడ్ ఉంటే దురద వెంటనే తగ్గుతుంది. హాయిగా ఉన్నదని నెలల తరబడి అదే సీసాను వాడేవారు ఉన్నారు. ఈ మందు కొందరిలో కంటి జల్లెడను మందగింపజేసి ఒత్తిడిని పెంచుతుంది. దీనికి వయస్సుతో పని లేదు. మీ వయస్సు గల విద్యార్థికైనా ఈ కారణంగా నీటికాసులు రావచ్చు. వైద్యుడు వ్రాసి ఇవ్వని చుక్కలమందును కంటిలో వేసుకోరాదు. వ్రాసి ఇచ్చినదానిని చెప్పిన గడువు దాటి వాడరాదు. ఆకుపసరులు వంటివి కంటిలో పోయడం మరింత ప్రమాదకరం.

మూడవది కంటిగాయం. బేతంచెర్ల, బనగానపల్లె, కొలిమిగుండ్ల, ఎర్రగుంట్ల ప్రాంతాలు నాపరాతికి ప్రసిద్ధి. 2022లో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు వీటిలో మొదటి మూడు నంద్యాల జిల్లాలో చేరాయి. గనులలోనూ పాలిషింగు యంత్రాల వద్దనూ పనిచేసే కార్మికుల కంటికి రాతిముక్క బలంగా తగిలితే, గాయం మానిన తరువాత కూడా జల్లెడ కోణం దెబ్బతిని ఉండవచ్చు. అటువంటి కంటిలో ఏళ్లు గడిచిన తరువాత నీటికాసులు బయటపడవచ్చు. రక్షణ కళ్లద్దాలు ధరించడం, గాయపడిన కంటిని ఏటా పరీక్షింపజేసుకోవడం అవసరం.

నాల్గవది మనం మొదట చెప్పుకొన్న ‘ముదిరేదాకా ఆగడం’. బాగా ముదిరిన శుక్లం ఉబ్బి కోణాన్ని మూసివేయవచ్చు. లేదా అందులోని పదార్థం కరిగి కారి జల్లెడను అడ్డగించవచ్చు. అంటే, సులభంగా నయమయ్యే శుక్లాన్ని నిర్లక్ష్యం చేయడం వలన నయం కాని నీటికాసులను కొనితెచ్చుకొన్నట్లు అవుతుంది.

తెలియకుండా పోయే చూపు

‘చూపు తగ్గితే మనిషికి తెలియదా?’ అనే సందేహం కలగడం సహజం. నీటికాసులు చూపు నడిమి భాగాన్ని చివరిదాకా వదిలివేసి, అంచుల నుండి హరించుకొంటూ వస్తాయి. ఒక కంటిలో లోపించిన భాగాన్ని రెండవ కన్ను పూరిస్తుంది. మిగిలిన ఖాళీని మెదడు తానే ఊహించి నింపుకొంటుంది. అందువలన ఎదురుగా ఉన్న మనిషి ముఖం, వార్తాపత్రికలోని అక్షరం, సూదిలోని రంధ్రం స్పష్టంగానే కనిపిస్తాయి. గడప తగిలి తూలడం, పక్కనుండి వచ్చిన బండిని చూడకపోవడం, మెట్లు దిగేటప్పుడు తడబడడం, తలుపురెక్కకు భుజం కొట్టుకోవడం వంటివి జరిగినప్పుడు ‘వయసు మీద పడింది’ అని సరిపెట్టుకొంటారు. నడిమి చూపు కూడా తగ్గిన నాటికి దృష్టినాడిలో అధికభాగం నశించి ఉంటుంది. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్నట్లే అవుతుంది.

పైన పేర్కొన్న ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధుల అధ్యయనం ఈ విషయాన్ని తిరుగులేకుండా నిరూపించింది. ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థ ఆధ్వర్యంలో హైదరాబాదు నగరంలోనూ, పశ్చిమగోదావరి, ఆదిలాబాదు జిల్లాలలోనూ, కర్నూలుకు తుంగభద్ర ఆవలి ఒడ్డున ఉన్న నాటి మహబూబ్‌నగర్ జిల్లాలోనూ మొత్తం 10,293 మందిని పరీక్షించారు. హైదరాబాదులో పరీక్షించిన 2,522 మందిలో తెరిచిన కోణపు నీటికాసులు ఉన్నట్లు నిర్ధారణ అయిన వారిలో పదింట తొమ్మిదిమందికి పైగా తమకు ఆ వ్యాధి ఉన్నదని అంతకుముందు తెలియదు. ఇంచుమించు సగంమందికి అప్పటికే తీవ్రమైన నష్టం జరిగింది. వైద్యశాలలకు కొదవ లేని మహానగరంలోనే పరిస్థితి ఇలా ఉంటే, వైద్యుని కోసం బస్సెక్కి జిల్లాకేంద్రానికి పోవలసిన పల్లెల పరిస్థితి ఊహించుకోవచ్చు.

భారతదేశంలో 40 ఏళ్లు దాటినవారిలో సుమారు 1.12 కోట్ల మందికి నీటికాసులు ఉన్నాయని 2010లో నిపుణులు అంచనా వేశారు. తిరిగి రాని అంధత్వానికి ప్రపంచంలో ప్రథమ కారణం ఈ వ్యాధియే.

పరీక్షలు

ఎదుటి గోడమీది అక్షరాలు చదివించడం వలన నీటికాసులు బయటపడవు. అన్ని వరుసలూ చదవగలిగిన వారిలోనూ ఈ వ్యాధి ఉండవచ్చు. ఒత్తిడిని కొలవడం అవసరమే గాని, అదొక్కటే చాలదు. ఒత్తిడి సాధారణంగా ఉన్నవారిలోనూ నీటికాసులు ఉంటాయని చెప్పుకొన్నాం కదా! కనుక సంపూర్ణ నేత్రపరీక్షలో నాలుగు అంశాలు ఉండాలి. కంటిలోని ఒత్తిడిని కొలవడం మొదటిది. దృష్టినాడి మొదలు గుంటపడినదా అని చూడడం రెండవది. కోణం తెరిచి ఉన్నదా, మూసుకొన్నదా అని ప్రత్యేక కటకంతో పరిశీలించడం మూడవది. చూపు విస్తీర్ణాన్ని యంత్రంపై పరీక్షించడం నాల్గవది. దీనినే ఫీల్డ్ పరీక్ష అంటారు. రోగి ఒక బిందువును చూస్తూ, చుట్టూ మెరిసే వెలుగు కనిపించిన ప్రతిసారీ మీట నొక్కుతాడు. చూపు ఎక్కడెక్కడ లోపించినదో యంత్రం పటంగా చూపుతుంది. వీటిలో ఏ పరీక్షా నొప్పి కలిగించదు.

40 ఏళ్లు దాటిన ప్రతివారూ రెండేళ్లకు ఒకసారి, కుటుంబంలో వ్యాధి ఉన్నవారు, మధుమేహం ఉన్నవారు ఏటా ఇటువంటి పరీక్ష చేయించుకోవడం మేలు.

చికిత్స

నీటికాసులకు చేసే చికిత్స ఏదైనా దాని లక్ష్యం ఒక్కటే: ఒత్తిడిని తగ్గించి, మిగిలి ఉన్న చూపును కాపాడడం. మొదటి మార్గం చుక్కలమందులు. 1970వ దశకం చివర వచ్చిన టిమోలాల్ వంటి మందులు నేత్రోదకం ఉత్పత్తిని తగ్గిస్తాయి. 1990వ దశకంలో వచ్చిన లాటనోప్రాస్ట్ వంటివి నీరు బయటికి పోయే మార్గాన్ని సుగమం చేస్తాయి. ఉబ్బసం గాని, గుండెజబ్బు గాని ఉన్నవారు ఆ సంగతిని వైద్యునికి ముందుగానే చెప్పాలి. టిమోలాల్ వారికి హాని చేయవచ్చు.

రెండవది లేజరు చికిత్స. మూసుకొన్న కోణానికి ఐరిస్‌లో సూక్ష్మరంధ్రం చేసి నీటికి కొత్తదారి ఇస్తారు. తెరిచిన కోణంలో జల్లెడపై లేజరు కిరణాలను ప్రసరింపజేసి దాని పనితీరును మెరుగుపరుస్తారు. మూడవది శస్త్రచికిత్స. కంటి తెల్లగుడ్డులో చిన్న ద్వారం చేసి నీరు బయటికి వడిసేటట్లు చేస్తారు. దీనిని ట్రాబెక్యులెక్టమీ అంటారు. 1968లో కెయిర్న్స్ అనే బ్రిటిష్ వైద్యుడు దీనిని ప్రచారంలోకి తెచ్చాడు. అవసరమైన వారికి సన్నని గొట్టాన్ని అమర్చే పద్ధతి కూడా ఉన్నది.

శుక్లం ఆపరేషను తరువాత పొరుగువారికి చూపు రావడం చూసిన రోగి, తనకూ అలాగే రావాలని ఆశిస్తాడు. నీటికాసుల చికిత్సలో అలా జరగదు. ‘మందు వేసినా చూపు పెరగలేదు’ అని విసిగి మానివేసే వారు ఎందరో! పెరగకపోవడం మందు వైఫల్యం కాదు. తగ్గకుండా నిలవడమే దాని విజయం. రక్తపోటుకు మాత్రలు వాడినట్లు ఈ చుక్కలను కూడా జీవితాంతం వేసుకోవాలి. సీసా అయిపోయిన రోజు నుండి సంతరోజు దాకా మందు లేకుండా గడిపితే, ఆ నాలుగు రోజులూ ఒత్తిడి తన పని తాను చేసుకొనిపోతుంది.

చుక్కలు వేసే విధానం కూడా తెలిసి ఉండాలి. చేతులు కడుక్కొని, తల వెనుకకు వాల్చి, క్రింది రెప్పను కొద్దిగా లాగి ఒక్క చుక్క వేయాలి. సీసా మొన కంటికి తగలరాదు. తరువాత కన్ను మూసి, ముక్కు పక్కన ఉన్న కంటిమూలను వేలితో రెండు నిమిషాలు నొక్కి ఉంచాలి. దీనివలన మందు గొంతులోకి జారిపోక కంటిలోనే నిలుస్తుంది. రెండు రకాల మందులు ఉంటే నడుమ కనీసం ఐదు నిమిషాల వ్యవధి ఇవ్వాలి.

మన బాధ్యత

కర్నూలులో వైద్యకళాశాలకు అనుబంధంగా ప్రభుత్వ ప్రాంతీయ నేత్రవైద్యశాల ఉన్నది. కడపలో రిమ్స్ పేరుతో ప్రజలకు పరిచితమైన ప్రభుత్వ సర్వజన వైద్యశాల ఉన్నది. 2019 అక్టోబరు 10న అనంతపురంలో మొదలైన ‘కంటివెలుగు’ కార్యక్రమంలో, వృద్ధులకు సంబంధించిన మూడవ దశ 2020 ఫిబ్రవరి 18న కర్నూలులోనే ప్రారంభమైంది. ఇటువంటి శిబిరాలు అద్దాలు అవసరమైన వారిని, శుక్లం ఉన్నవారిని గుర్తించడంలో ఎంతో ఉపకరించాయి. అయితే శిబిరంలో కళ్లద్దాలు తీసుకొన్నంత మాత్రాన నీటికాసుల పరీక్ష పూర్తయినట్లు కాదు. దానికి పైన చెప్పిన సంపూర్ణ పరీక్ష అవసరం. ఏటా మార్చి నెలలో ప్రపంచ గ్లాకోమా వారోత్సవాలు జరుగుతాయి.

వైద్యశాలలు, పరికరాలు, మందులు ఉన్నాయి. వాటికీ పల్లెలోని వృద్ధునికీ నడుమ ఒక మనిషి కావాలి. ఆ మనిషి కళాశాలలో చదువుకొనే మనుమడో, మనుమరాలో ఎందుకు కారాదు? అవ్వ గడప దగ్గర తడబడితే ‘వయసు’ అని వదిలివేయక వైద్యుని వద్దకు తీసుకొని పోవడం, తాతకు వేళకు చుక్కలు వేయడం, సీసా అయిపోకముందే కొత్తది తెచ్చి ఉంచడం, మేనరికం సంబంధాల మాట వచ్చినప్పుడు తెలిసిన విషయాన్ని మర్యాదగా పెద్దల చెవిన వేయడం – ఇవేవీ డబ్బుతో కూడిన పనులు కావు. పోయిన చూపును తెచ్చే మందు నేటికీ లేదు. ఉన్న చూపును నిలిపే ముందుచూపు మాత్రం మన చేతిలో ఉన్నది.

కఠినపదాలు – అర్థాలు

నేత్రోదకం : కంటి లోపలి నీరు
తంతువు : దారంవంటి పోగు
హరించు : తొలగించు, అపహరించు
హ్రస్వదృష్టి : దూరపు వస్తువులు మసకగా కనిపించే దృష్టిదోషం
సుగమం : సులభంగా సాగేది
పార్శ్వపునొప్పి : తలలో ఒకవైపు వచ్చే నొప్పి
పూడిక : కాలువలో, చెరువులో పేరుకొన్న ఒండ్రుమట్టి
తూము : నీటిని వదిలే ద్వారం

అభ్యాసం

అ. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. కంటిలో నేత్రోదకం ప్రవహించే తీరును కర్నూలు–కడప కాలువతో పోల్చి వివరించండి.
2. నీటికాసులకు దారితీసే కారణాలలో రాయలసీమ జీవనవిధానంతో ముడిపడినవి ఏవి? చర్చించండి.

ఆ. సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. నీటికాసులు ఉన్న వ్యక్తికి చూపు తగ్గుతున్నట్లు ఎందుకు తెలియదు?
2. శుక్లం ముదిరేదాకా ఆగడం వలన కలిగే ప్రమాదాలు ఏవి?
3. చుక్కలమందు వేసే సరియైన విధానాన్ని వ్రాయండి.

ఇ. సందర్భసహిత వ్యాఖ్యలు
1. “తగ్గకుండా నిలవడమే దాని విజయం.”
2. “కంటికీ మెదడుకూ నడుమ ఉన్న తీగ తెగిపోతుంది.”

ఈ. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. కంటిలో ఉండే సాధారణ ఒత్తిడి ఎంత?
2. సుశ్రుతసంహితలో వర్ణించిన, నీటికాసులకు దగ్గరగా ఉన్న నేత్రరోగం ఏది?
3. కంటి లోపలి భాగాన్ని చూసే పరికరాన్ని 1851లో పరిచయం చేసినది ఎవరు?

ఉ. వ్యాకరణం
1. సంధులు విడదీసి పేర్లు వ్రాయండి : నేత్రోదకం, ఒక్కొక్క, అత్యవసరం
2. విగ్రహవాక్యాలు వ్రాసి సమాసాలు గుర్తించండి : నేత్రరక్షణ, తల్లిదండ్రులు, కంటిచూపు

ఊ. కృత్యం
మీ ఇంటిలోనూ ఇరుగుపొరుగు ఇళ్లలోనూ 40 ఏళ్లు దాటిన పదిమందిని పలకరించండి. వారు చివరిసారిగా కంటిపరీక్ష ఎప్పుడు చేయించుకొన్నారో, అందులో ఒత్తిడిని, దృష్టినాడిని పరీక్షించారో లేదో తెలుసుకొని ఒక నివేదిక వ్రాయండి. పరీక్ష అవసరమైన ఒక్కరినైనా వైద్యశాలకు వెంటబెట్టుకొని వెళ్లండి.